మూడో గోలు

“ఆపెయ్. గుర్రాల దగ్గరికి వెళ్ళిపో,” అన్నాడు హార్లన్ ప్రూయిట్.

టీవీ కంట్రోల్ రూములో అందరూ ఆయనకేసి తిరిగారు. తెర మీద బోస్టన్ స్టేడియం హోరెత్తిపోతోంది. స్కోరు సమానమై అదనపు సమయం అప్పుడే మొదలైంది. ఐసు మీద ఆడే హాకీలో ప్లేఆఫ్‌కి, అంటే నాకౌట్ దశకి, వచ్చాక అదనపు సమయానికి గడియారంతో పనిలేదు. ఎవరో ఒకరు గోలు కొట్టేదాకా ఆడుతూనే ఉంటారు, కొట్టిన క్షణానే ఆట సరి.

“ఇప్పుడా సార్?” హాకీ ప్రసారం నడిపే స్టాన్ వోజిక్ కుర్చీలోంచి లేచిపోయాడు. “తిబోడో ఇప్పటికే రెండు కొట్టాడు. మూడోది కూడా వాడే కొట్టాడంటే, ఆనవాయితీ ప్రకారం జనం టోపీలు తీసి ఐసు మీదకి విసిరేస్తారు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు!”

“నెత్తినున్న టోపీ చేతులారా పారేసుకునే వెర్రివాళ్ళని దేశమంతటికీ చూపించాలా?” ప్రూయిట్ పెదవి విరిచాడు. నెట్‌వర్కులో క్రీడల విభాగానికి పెద్ద ఆయన. ఐసన్నది విస్కీ గ్లాసులో వేసుకోవడానికే పుట్టిందని ఆయనగారి నమ్మకం. “బంతికి బదులు వాళ్ళు కొట్టే ఆ నల్ల బిళ్ళ ఎక్కడుందో ఇన్నేళ్ళొచ్చినా నాకే కనబడి చావదు. పళ్ళూడిన వాళ్ళు కర్రలతో బాదుకుంటుంటే చూసేదెవడయ్యా? అక్కడ గుర్రప్పందెం ఉంది. గిల్‌క్రిస్ట్ గారి టోపీల కంపెనీ స్పాన్సరు. మర్యాదస్తులు టోపీ పెట్టుకుని వచ్చే చోటది.”

“పందేనికింకా బోలెడు టైముంది సార్. ఇప్పుడక్కడ గుర్రాలు గడ్డి మేస్తుంటాయి.”

“అదే చూపిద్దాం. నీ హాకీ కన్నా నయం.”

మీట నొక్కారు. బోస్టన్ మాయమైంది. తెర నిండా ఒక ఎర్ర గుర్రం వెనక్కి తిరిగి నిలబడి తోక ఊపింది.

“జనం ఊరుకోరు,” అన్నాడు స్టాన్. “ఫోన్లు చేసి మన కొంప ముంచుతారు, చూస్తూండండి.”

“అలాగా? అయితే విను. పందెం ముగిసేలోపు హాకీ ఏదని ఒక్కడంటే ఒక్కడు అడగనీ, వచ్చే ఏడాది కూడా నీ హాకీ ఉంటుంది. అడగలేదా, ఈ వేళతో దానికి నీళ్ళు వదులుకో. లొరెట్టా! ఫోనొస్తే కేకెయ్.”

పక్కగదిలో స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న లొరెట్టా తలూపింది.

స్టాన్ జేబులోంచి ట్రాన్సిస్టరు తీసి చెవికి తగిలించుకున్నాడు. రేడియోలో ఆట నడుస్తూనే ఉంది. తిబోడో కొట్టిన బిళ్ళ గోలు స్తంభానికి తగిలి పక్కకి పోయిందట. స్విచ్‌బోర్డు మాత్రం కిక్కురుమనలేదు. చివరికి ఒక్క ఫోను మోగింది. స్టాన్ ఒక్క అంగలో అక్కడ వాలాడు.

“ఎవరో పెద్దావిడ,” అంది లొరెట్టా జాలిగా. “ఆ ఎర్ర గుర్రం పేరేంటని.”

ప్రూయిట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూశావా! తోక చూసి ఫోను చేశారు, నీ తిబోడోని చూసి చేశారా?”

స్టాన్‌కి కడుపు మండిపోయింది. ప్రూయిట్ మీద కన్నా ఆ జనం మీదే ఎక్కువ మండింది. స్టేడియంలో గొంతులు చించుకుంటారు, ఇంట్లో ఫోనెత్తడానికి చేతులు రావు! ‘ఏం మనుషుల్రా మీరు, మీ కోసమా నేను ఈయన చేత తిట్లు తినేది,’ అని లోపల్లోపలే తిట్టుకున్నాడు.

గుర్రాలు పరిగెత్తాయి. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది.

“చచ్చింది నీ హాకీ,” అని ప్రూయిట్ చేతులు దులుపుకున్నాడు. “ఈ శుభవార్త గిల్‌క్రిస్ట్ గారికి నేనే చెబుతాను.” ఫోను అందుకుని తిప్పాడు. అది మోగీ మోగీ ఆగిపోయింది. “ఎత్తడం లేదు. పాపం, గుర్రాల్ని చూస్తూ ఒళ్ళు మరిచిపోయి ఉంటారు.”

సరిగ్గా అప్పుడు ట్రాన్సిస్టరులో స్టేడియం హోరు విరుచుకుపడింది. స్టాన్ కుర్చీలో కూలబడ్డాడు.

“గోలు,” అన్నాడు. “తిబోడో. మూడోది.”

ఆ మాట నోట్లో ఉండగానే స్విచ్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. లొరెట్టా రెండు చేతులూ చాలక కెవ్వుమంది. “సార్, అందరూ హాకీ వాళ్ళే! బూతులు తిడుతున్నారు సార్!”

“ఇంతసేపూ ఏం చేశారట? ఇప్పుడా అడిగేది?” అని గద్దించాడు ప్రూయిట్. “పందెం అయిపోయింది, పొమ్మను!”

“అందరికన్నా ముందు లైన్లోకొచ్చింది గిల్‌క్రిస్ట్ గారు సార్.”

ప్రూయిట్ టై సర్దుకుని, అందరూ వినాలని స్పీకరు మీట నొక్కాడు. “నమస్కారం సార్! గుర్రాలు ఎలా ఉన్నాయి?”

“గుర్రాలా! రేడియోలో ఆ హాకీ వదిలి ఫోను దాకా కదలగలిగితే నీ పని గంట కిందటే పట్టేవాణ్ణి!” గిల్‌క్రిస్ట్ గొంతుకి గది అదిరింది. “పందేనికొచ్చే పెద్దమనిషి తాతల నాటి టోపీనే దులుపుకుని పెట్టుకొస్తాడు, కొత్తది కొనడు. బోస్టన్‌లో జనమంతా ఉత్త నెత్తులతో ఇళ్ళకి పోతున్నారు, రేపు పొద్దున్న వాళ్ళందరికీ టోపీ అమ్మేది ఎవడయ్యా? నా టోపీలు అక్కడ వానలా కురుస్తుంటే, నా డబ్బుతో దేశానికి గుర్రం తోక చూపిస్తావా?”