చెప్పిందే అంకె

"ఇక్కడ మాకో ఆచారం ఉంది," అంది లోర్నా, కర్టిస్ మొదటిసారి ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు. "పాచిక వేసినవాళ్లే అంకె పైకి చెప్పాలి. ఒకరి పాచిక ఇంకొకరు ముట్టుకోరు. చెప్పాక మళ్లీ అడగరు."

"ఎవరైనా అబద్ధం చెప్తే?"

"ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదయ్యా," అన్నాడు హోలిస్. "నువ్వు మొదలుపెట్టకు."

అందరూ నవ్వారు. కర్టిస్ కూడా నవ్వాడు.

హోలిస్ అతని పక్కింటాయన. రసీన్ అనే ఊళ్లో, చర్చి కింది గదిలో, శనివారం మధ్యాహ్నాలు ఈ ఆట నడుస్తుంది. హోలిస్ కారు నడపడు. కర్టిస్ తీసుకొచ్చి దింపి వెళ్లేవాడు. ఒకసారి మంచు కురిసి దారి మూసుకుపోతే ఉండిపోయాడు. ఆటలో ఉండే పెద్దావిడ ఓపల్, తను తెచ్చిన పెకాన్ పప్పుల క్రింగిల్ అనే తీపి రొట్టెలో మొదటి ముక్క అతనికి పెట్టింది. ఆ తర్వాత ఏ శనివారమూ దింపి వెళ్లాలనిపించలేదు.

కథ నడిపేది లోర్నా. మిగతావాళ్లవి తలా ఒక పాత్ర. తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వారు చెప్పాలి. అది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బల్ల మీద పటాలుండవు, బొమ్మలుండవు. లోర్నా చెబుతుంటే గుహలో నీటిచుక్క పడటం కూడా వినిపించేది. చచ్చిన పాత్ర మళ్లీ బతకదు. అదీ ఆచారమే.

కర్టిస్ పాత్ర రూక్ అనే జేబుదొంగ.

"రాజుగారి భటుడు నీ సంచీ చూపించమంటున్నాడు," అనేది లోర్నా.

"చూపిస్తానండీ. ముందు ఆయన సంచీ ఆయనకి ఇచ్చేయనివ్వండి."

పడీ పడీ నవ్వేవారు. ఫ్యాక్టరీలో పెట్టెలకు టేపు అంటించే కర్టిస్‌ను వారమంతా పలకరించేవాళ్లే ఉండరు.

ఆ శనివారం వాళ్ల పాత్రలు లోయ దాటుతున్నాయి. తాడు తెగింది.

"రూక్ జారిపోతున్నాడు. వైద్యురాలు ఎడ్రా కూడా," అంది లోర్నా. ఎడ్రా ఓపల్ పాత్ర. "పదిహేను దాటితే పట్టు దొరికినట్టు. లేదంటే లేదు. ముందు కర్టిస్."

పాచిక దొర్లి ఆగింది. నాలుగు.

"పద్దెనిమిది," అన్నాడు కర్టిస్.

హోలిస్ బల్ల మీద చరిచాడు. "ఈ దొంగ వెధవకి చావు రాదురా బాబూ."

తర్వాత ఓపల్ వేసింది. పాచిక మీద వేలు పెట్టింది. కాసేపు తీయలేదు. ఎడ్రాను ఆమె ఎన్నో ఏళ్లుగా ఆడుతోంది. భర్త చనిపోయిన వారంలో కూడా వచ్చి ఆడింది.

"రెండు," అంది.

కుర్చీలు వెనక్కి జరిగాయి. పాత్ర పోయినప్పుడు అందరూ లేచి నిలబడి, ఒక్కొక్కరే దాని పేరు పలకాలి. లోర్నా పలికింది. హోలిస్ పలికాడు. కర్టిస్ వంతు వచ్చింది. పేరు సగంలోనే ఆపేశాడు.

ఓపల్ చెయ్యి అతని భుజం మీద పడింది. "పోనీలే అబ్బాయ్. నీ రూక్ అయినా మిగిలాడు. వాడూ పోతే ఈ ముసలాళ్లని నవ్వించేదెవరు?"

ఆమె రెండుకి బదులు ఏ అంకె చెప్పినా ఎవరూ అడిగేవారు కాదు.

"ఓపల్ గారూ, నాది పద్దెనిమిది కాదండీ," అన్నాడు కర్టిస్. "నాలుగు."

భుజం మీది చెయ్యి కదల్లేదు. తీసేస్తే బాగుండుననిపించింది అతనికి. నాలుగు తిట్లు తిట్టినా బాగుండును.

"ఏంటయ్యా," అన్నాడు హోలిస్, చాలా మెల్లగా. "ఒక ఆట కోసం..."

లోర్నా గొంతు సవరించుకుంది. "అయితే రూక్ కూడా పడిపోయాడు. ఎవరూ కూర్చోకండి."

"రూక్," అంది ఓపల్, అందరికన్నా ముందు. తర్వాత హోలిస్. తర్వాత లోర్నా. ఎడ్రా పేరు ఎంత మర్యాదగా పలికారో అంతే మర్యాదగా.

కర్టిస్ రెండు చేతులతో ముఖం దాచుకున్నాడు, ఆ గదిలో కళ్లు కనిపించేది అతనొక్కడికే అయినా.