ఆదివారం లోపల ఒక పేరు

“స్వప్నిక జిరాక్స్ అంటే ఇదేనా? స్వప్నిక ఎవరు బిడ్డా?”

కంప్యూటర్ ముందు కూర్చున్న స్వప్నిక తలెత్తింది. కౌంటర్ అవతల ఒక ముసలమ్మ, ఎండకు కొంగు నెత్తిమీద కప్పుకొని, చంకలో దవాఖాన ఫైలు ఇరికించుకొని నిలబడి ఉంది.

“నేనే అవ్వా. నేను పుట్టిన ఏడాదే మా నాన్న ఈ షాపు పెట్టిండు. నా పేరే పెట్టిండు.”

“పుట్టిన ఏడాదే,” అంది ముసలమ్మ. వెనక్కి జరిగి, చదువు రాకపోయినా, బోర్డు మీది అక్షరాలను చాలాసేపు చూసింది.

“ఏం జిరాక్స్ కావాలె?”

“జిరాక్స్ గాదు. పేరు గావాలె, ఆడివిల్లకు. ఆదివారం బాప్తిస్మం. పాస్టరయ్య మంచి పేరు సూసుకొని, కాగితం కొట్టించుకొని రమ్మన్నడు.”

మొయినాబాద్‌లో పేరు కోసం షాపుకు రావడం వింతేమీ కాదు. ఈమధ్య ఎవరికీ తాతమ్మల పేర్లు పనికిరావడం లేదు. నోరు తిరగని పేరే గొప్ప పేరు. అలాంటివి వెతికిపెట్టడంలో స్వప్నికది అందెవేసిన చెయ్యి. ఆ వెనకే బారసాల కార్డుల ఆర్డరు కూడా వస్తుంది మరి.

“మనుమరాలా అవ్వా?”

“మా ఇంటి ఆడివిల్లనే.”

“పుట్టి ఎన్ని దినాలైంది?”

“శానా దినాలైంది బిడ్డా. ఎప్పుడో పెట్టాల్సిన పేరు.”

“మరి ఇప్పుడేమని పిలుస్తున్నరు?”

ముసలమ్మ ఫైలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

“సాలు.”

“సాలా?”

“ఐదో కాన్పు. గిదిగూడ ఆడివిల్లనే అనంగనే తండ్రి ‘ఇగ సాలు’ అన్నడు. గదే పేరైంది. మొకం గూడ సూడలే. పైన నలుగురికి దేవుని పుస్తకంల పేర్లు పెట్టి బాప్తిస్మం ఇప్పిచ్చిండు. ఐదోదాన్ని ఎత్తుకొని పోనేలే.”

స్వప్నికకు ఒళ్లు మండింది. “ఈ కాలంల గూడ గిసొంటి తండ్రులున్నరా? ఏడున్నడు ఆయన?”

“పోయిండు బిడ్డా.”

స్వప్నిక నాలుక కరుచుకుంది. మాట మార్చడానికి ఫైలు వైపు చూసింది. “దవాఖానకు పోయొస్తున్నరా?”

“చేవెళ్ల నుంచే వస్తున్న. పాలు తప్ప ఏదీ కడుపుల నిలుస్తలేదు. క్రిస్మస్ దాక మాట ఇయ్యలేనన్నడు డాక్టరు.”

కీబోర్డు మీద స్వప్నిక వేళ్లు ఆగిపోయాయి. క్రిస్మస్‌కు నిండా రెండు నెలలు కూడా లేవు. ఆ పేరు ఎక్కేది బారసాల కార్డు మీద కాదని, సమాధి రాయి మీదని అర్థమైంది ఆమెకు. పాపం, పేరుకైనా నోచుకోని పసిగుడ్డు.

“ఎట్లాంటి పేరు కావాలె అవ్వా?” అని మెల్లగా అడిగింది.

“మా సురంగల్ చర్చిల మరియమ్మలు పదిమంది. రూతమ్మలు ఆరుగురు. ఒక్క పేరు పిలిస్తే నలుగురు పలుకుతరు. ఎవ్వరికీ లేనిది గావాలె. పిలిస్తే ఒక్కతే పలకాలె.”

స్వప్నిక హీబ్రూ ఆడపిల్లల పేర్ల పట్టిక తెరిచింది.

“తిర్సా. అంటే ఆనందం.”

“అబద్ధమైతది బిడ్డా. వద్దు.”

“ఆదినా. నాజూకైనది అని అర్థం.”

“కూలి చేసుకునేటోళ్ల ఇంట్ల నాజూకేడిది?”

ఇంకా కిందికి వెళ్లి, ఒక పేరు దగ్గర ఆగింది స్వప్నిక. “రూహామా. దయకు నోచుకున్నది అని అర్థం. ఈ పేరు శానా తక్కువ మందికి ఉన్నదంట. దీనికో కథ గూడ ఉన్నది అవ్వా. ఎవరో ప్రవక్త బిడ్డంట. మొదలు ఆ పిల్లకు ‘దయకు నోచుకోనిది’ అని పేరు పెట్టిండ్రంట. తర్వాత అది తీసేసి, రూహామా అని పిలవమన్నడంట దేవుడు.”

ముసలమ్మ కౌంటర్ అంచు పట్టుకుంది.

“ఒకపారి పెట్టిన పేరు మార్చొచ్చా?”

“దేవుడే మార్చిండు గదా అవ్వా.”

“దేవుడే,” అని గొణుక్కుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఏదీ, ఇంకోపారి పిలువు బిడ్డా.”

“రూహామా.”

“ఆఁ,” అంది ముసలమ్మ. “గదే రాయి.”

స్వప్నిక బాప్తిస్మం కాగితం టైపు చెయ్యడం మొదలుపెట్టింది. పేరు కొట్టింది. తండ్రి పేరు దగ్గర ఆమె చెయ్యి సాగలేదు.

“గాయన పేరు రాయాల్నా?”

“రాయి బిడ్డా. లూకయ్య. ఎంతైన తండ్రి.”

తల్లి కరుణమ్మ. ఊరు సురంగల్. అన్నీ కొట్టుకుంటూ పోయింది స్వప్నిక. ఉండబట్టలేక అడిగింది.

“నీళ్లు సల్లగుంటయేమో అవ్వా. ఒంట్ల బాగలేని పానం, తట్టుకుంటదా?”

“పాస్టరమ్మ గోరువెచ్చగ కాగవెడ్తనన్నది. మంచి మనిషి.”

ఇక ఒక్క గడి మిగిలింది. వయసు. స్వప్నిక ముందుగానే ‘నెలలు’ అని కొట్టి, అంకెకు చోటు వదిలిపెట్టింది.

“ఎన్ని నెలలు అవ్వా?”

ముసలమ్మ కొంగు సర్దుకుంది. ఫైలు కౌంటర్ మీద పెట్టి, వచ్చినప్పటినుంచీ మొదటిసారి నిటారుగా నిలబడింది.

“నెలలు తీసెయ్ బిడ్డా.”

“మరి?”

“నాకు డెబ్బై రెండేండ్లు.”