చూసేవారు లేరు

వేడినీళ్ల తొట్టెలో ఒంటరిగా కూర్చుని, కళ్లు తిరిగి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువయ్యాక, కాకినాడలో ప్రతి మేడ మీదా ఉన్న తొట్టెలకు ఒకే బుద్ధి నేర్పారు. లోపలున్న మనిషి మొహాన్ని బయట పెద్దవాళ్లెవరైనా చూస్తూ ఉండాలి. చూపు తిప్పితే నీళ్లు చల్లబడిపోతాయి.

వరహాలమ్మ మోకాళ్లకు ఆ వేడినీళ్లు తప్ప ఏ మందూ పనిచేయడం లేదు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ ఉండరు. పక్క మేడలో తోడికోడలు సత్యవేణి ఉంటుంది కానీ, వరహాలమ్మ కూతురి పెళ్లిలో పసుపు దంచడానికి తనను పిలవలేదని, చచ్చేదాకా ఆవిడ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది.

ఆ రోజు వరహాలమ్మ నొప్పి తట్టుకోలేక మేడ మీదే కూలబడి ఏడ్చింది. పిట్టగోడ మధ్య తుప్పుపట్టిన గేటు కిర్రుమంది. సత్యవేణి వచ్చి, ఆవిడను లేపి తొట్టెలో కూర్చోబెట్టి, స్టూలు మీద అటు తిరిగి కూర్చుంది.

"చూసేవారు లేరు" అంది తొట్టె.

"ఇక్కడే చచ్చాను కదా!" సత్యవేణి కసిరింది.

"చూసేవారు లేరు."

"దానికి నీ ఒట్టు సంగతి తెలీదులే వేణీ. నువ్వెళ్లు" అంది వరహాలమ్మ.

సత్యవేణి విసురుగా ఇటు తిరిగింది.

"అదేంటక్కా, ఇంతలా చిక్కిపోయావు?"

నీళ్ల మీద ఆవిరి లేచింది. సత్యవేణి ఇక చూపు తిప్పలేదు.

ఇక చాలని తొట్టె చెప్పాక వరహాలమ్మ బయటికొచ్చి, తడిచీరతోనే ఆ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ మోకాళ్లేమైనా ఇనుపవా? ఈసారి పిలుస్తున్నానుగా, దిగు. నేను చూస్తాను."