పత్తి లోపలి వేడి

"పప్పులో పత్తి పోగు! ఇది అన్నమా, పరుపా?" సురేంద్ర కంచం పక్కకు నెట్టాడు.

"ముందుగది నిండా పత్తి పోసింది మీరు. పోగులు పప్పులో కాక ఎక్కడ పడతాయి?" అంది మాధవీలత.

"రేటు పెరిగేదాకా ఎక్కడ పెట్టమంటావ్? నీ నెత్తిన పెట్టనా?"

"అక్కడే పెట్టారుగా, నెల నుంచి."

అంకమ్మ కోడలి మాటకు నవ్వబోయి, కొడుకు మొహం చూసి మానుకుంది.

ముందుగదిలో పత్తి కిటికీ ఎత్తున ఉంది. ఆ ఏడాది పంటంతా అదే. నిన్న ట్రాక్టరులో వచ్చిన ఆఖరి పత్తి కూడా దాని మీదే పోశారు. ఆ పైన పసిది సాయిలక్ష్మి హాయిగా నిద్రపోతోంది.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

యాభై దాటిన మనిషి. చేతిలో చిన్న నల్లటి డబ్బా.

"స్కూల్లో పిల్లలతో మాట్లాడటానికి వచ్చానమ్మా. కాసిని మంచినీళ్ళు ఇస్తారా?"

మాధవీలత నీళ్ళు తెచ్చింది. ఆయన చూపంతా పత్తి గది మీదే ఉండటం సురేంద్ర కనిపెట్టాడు.

"ఏంటండీ ఆ డబ్బా?"

"వేడిని చూసే కెమెరా అండి. అంతరిక్షంలో ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపులు ఎలా చూస్తాయో పిల్లలకు చూపించాను."

"ఏం చూస్తాయండీ అవి?" మాధవీలత అడిగింది.

"ఆకాశంలో దుమ్ము మేఘాలుంటాయమ్మా. మన కంటికి అక్కడ ఉత్త చీకటే. లోపల నక్షత్రం పుడుతుంటే ఆ దుమ్ము వెచ్చబడుతుంది. ఆ వేడిని ఇవి పట్టుకుంటాయి."

"దానికి అంత దూరం పంపాలా?" అంది అంకమ్మ.

"భూమి మీద అన్నీ వేడిగానే ఉంటాయి కదండీ. ఆ టెలిస్కోపు కూడా చల్లగా ఉండాలి. లేకపోతే దాని వేడే దాని కళ్ళు కప్పేస్తుంది."

ఎంత వేడిగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుందని చెప్పి, చూపిస్తానంటూ కెమెరాను పాప వైపు తిప్పాడు.

తెర మీద చీకటి. అందులో పసుపు రంగు పాప. మాధవీలత నవ్వింది.

ఆయన నవ్వలేదు.

పాప కాళ్ళ దగ్గర, పత్తి మీద, పాపకన్నా తెల్లగా ఒక మచ్చ.

"పాపను తీయండి."

"ఏమైందండీ?"

"ముందు పాపను తీయండమ్మా! పత్తిలో నిప్పుంది."

మాధవీలత ఒక్క ఉరుకున వెళ్ళి పాపను ఎత్తుకుంది.

సురేంద్ర పత్తి మీద అరచెయ్యి ఆనించాడు.

"పొగ ఏది? వాసన ఏది? పిల్ల పడుకున్న చోటు వెచ్చగా ఉండక చల్లగా ఉంటదా?"

"ట్రాక్టరు నుంచి నిప్పురవ్వ పడి ఉండొచ్చు. లోలోపల రాజుకుంటోంది. దాన్ని కెలకొద్దు, గాలి తగిలితే అంటుకుంటుంది. ఫైరింజన్‌ను పిలవండి."

"పొద్దున ఒకడొచ్చి తేమ మీటరు గుచ్చి సగం రేటన్నాడు. ఇప్పుడు నువ్వు వేడి మీటరు తెచ్చావా? ఏ బేరగాడు పంపాడు నిన్ను?"

"బాబూ, నా మాట..."

"నడువ్ బయటికి!"

ఆయన మాధవీలత వైపు చూశాడు. "పాపతో మీరన్నా బయట ఉండండమ్మా," అని మెట్లు దిగాడు. రోడ్డు మీదకి వెళ్ళగానే ఫోను తీశాడు.

"చూడమ్మా, బేరం కుదర్లేదని వాళ్ళ సేటుకి చెప్పుకుంటున్నాడు," అన్నాడు సురేంద్ర. పార అందుకున్నాడు. "నిప్పెక్కడుందో నేనూ చూస్తా."

"ఒరేయ్, వద్దురా!" అంకమ్మ అరిచింది.

రెండు పారలు తోడేసరికి లోపలి పత్తి నల్లగా కనిపించింది.

మరుక్షణం భగ్గుమంది.

జనం పరుగెత్తుకొచ్చారు. బిందెలు, బకెట్లు, కేకలు. కాలిన కనుబొమలతో సురేంద్ర పత్తిని బయటికి లాగుతూనే ఉన్నాడు. ఫైరింజన్‌కు ఫోను చెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు.

అయినా ఫైరింజన్ వచ్చింది.

మంటలు ఆరాక సురేంద్ర ఫైరింజన్ వాళ్ళను అడిగాడు. "మిమ్మల్ని ఎవరు పిలిచారండీ?"

"చేతిలో కెమెరా ఉన్న పెద్దాయన. మెయిన్ రోడ్డు మీద నిలబడి మాకు ఇల్లు చూపించి, మంటలు తగ్గాక వెళ్ళిపోయాడు."

పత్తి సగానికి పైగా పోయింది. ఇల్లు మిగిలింది. సాయిలక్ష్మి తల్లి చంక దిగలేదు.

సాయంత్రం హెడ్‌మాస్టరు వీరాంజనేయులు చూడటానికి వచ్చాడు.

"ఆయన బేరగాడేంటయ్యా! డాక్టర్ జయరావు గారు. టెలిస్కోపు పంపే బొమ్మల్ని చదివే శాస్త్రవేత్త. చిన్నప్పుడు మన బళ్ళోనే చదివారట. తర్వాత తల్లితో ఊరొదిలి వెళ్ళిపోయారట. ఇందాకే గన్నవరంలో విమానం ఎక్కేశారు."

ఆ రాత్రి వరండాలో భోజనాలకు కూర్చున్నారు.

"ఆయన ఎక్కడున్నా వెళ్ళి తీసుకొస్తాను," అన్నాడు సురేంద్ర. "ఈ ఇంట్లో, మన మధ్య కూర్చోబెట్టి అన్నం పెడతాను."

"వస్తాడంటావా?" అంది అంకమ్మ.

"నేనన్న మాటలు మనసులో పెట్టుకునే మనిషి కాదులేమ్మా."

"నీ మాటల సంగతి కాదురా," కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది అంకమ్మ. "నువ్వు పుట్టకముందు, ఆ గదిలోనే మన పత్తికి కాపలా పడుకుని, పొగకి ఇక లేవకుండా పోయిన ఏసోబు కొడుకురా అతను."