ఉత్త నీళ్లలో దొరికిన వైరస్

తెర మీది బొమ్మను చూసి మా గురువుగారు దండం పెట్టినంత పని చేశారు. ఊపిరితిత్తులను పట్టే వైరస్ ప్రోటీన్ అందులో సాక్షాత్కరించిందట.

"చూడరా, మూడు రేకులూ ఎంత బాగా విచ్చుకున్నాయో!"

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నేను పెట్టింది గడ్డకట్టించిన ఉత్త నీళ్లు. ప్రోటీన్ చుక్క కూడా లేదు. ఫలానా ఆకారం వెతకమని ముందే అచ్చు ఇస్తే, కంప్యూటరు మసక చుక్కల్లోంచైనా దాన్నే ఏరి తెస్తుంది. ఆ బండారం బయటపెట్టి, ఇలాంటి బొమ్మలతోనే రేపు సైన్సు పత్రికకు వెళ్లే ఆయన వ్యాసాన్ని ఆపించాలని నా పంతం.

"సార్, అవి ఉత్త నీళ్లు" అన్నాను, తీర్పు చదివే జడ్జీలా.

ఆయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నారు. ముఖంలో సిగ్గన్నది లేదు. అలాంటి మనిషి పక్కన ఊపిరి పీల్చడానికే రోత పుట్టింది.

"అలాగా! పోయినేడాది నీకు డాక్టరేట్ తెచ్చిన బొమ్మనీ ఈ అచ్చుతోనే తీశాం కదరా. అందులో మాత్రం ప్రోటీన్ ఉందని ఎవడు చూశాడు? ఈ వ్యాసమూ, నీ పట్టా రెండూ చింపేద్దామా?"

ఆ పట్టాకు అద్దం కట్టించి మా అమ్మ ముందుగదిలో వేలాడదీసింది.

"చెప్పు, వ్యాసంలో నీ పేరు ముందు వేయనా, వెనక వేయనా?"

"ముందే వేయండి సార్" అన్నాను.