మెట్ట దిగిన లారీ

“కాలు చూపించరా,” అన్నాడు సత్యారావు షావుకారు.

దాసు పంచె మోకాలి పైకి లాగాడు. కుడికాలు ఎండిన చెరుకుగడలా ఉంది. బెల్లం కొట్టు ముందు దిమ్మలు మోస్తున్న కూలీలు కూడా ఆగి చూశారు.

“ఈ కాలికి లైసెన్సు ఎవడిచ్చేడ్రా?”

“కాలు బాగున్నప్పుడే తీసుకున్నాను బాబూ. డ్యూటీ దొరికేలోగా చెరుకుబండి చక్రం ఎక్కేసింది.”

ఎవరో నవ్వారు. చోడవరంలో లారీలున్న వాళ్లందరి గుమ్మాలూ దాసు అప్పటికే ఎక్కి దిగాడు. కాలు చూసేదాకా అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకాయనైతే పొద్దున్నే కుంటివాడు ఎదురైతే సరుకు ధర పడిపోతుందని లోపలికి పోయి, అతను వీధి మలుపు తిరిగాక గాని బయటికి రాలేదు. ఇక మిగిలింది సత్యారావు ఒక్కడే. ఇక్కడా కాదంటే భార్య చిన్నతల్లి తెచ్చే కూలి మీద కూర్చుని తినడమే.

సత్యారావుది యుద్ధమయ్యాక మిలటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న లారీ. దాన్ని నడిపే పెదబాబు ఈమధ్యే మానేశాడు. అత్తవారి ఊళ్లో వ్యవసాయం చూసుకోవడానికి వెళ్లాడని షావుకారు అందరికీ చెప్పాడు. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లవలసిన బెల్లం కొట్లోనే చెమ్మపట్టి కారుతోంది. కారిన బెల్లం రంగు పోతుంది, రంగు పోయాక ధర అడిగేవాడు ఉండడు. ఆ రోజు షావుకారు కళ్లకి దాసు కాలు కన్నా ఆ చెమ్మే ఎక్కువ కనబడుతోంది.

“మరి బ్రేకెలా తొక్కుతావు?”

“తొక్కను బాబూ. ఆక్సిలేటరుకి కాలు బరువే సాల్తాది. బ్రేకుకి బలం కావాల. అందుకని గేర్లు దించుకుంటా వస్తాను. బండి దానంతటదే నెమ్మదిస్తాది. ఆఖర్న హేండుబ్రేకు లాగుతాను.”

సత్యారావు గడ్డం గోక్కున్నాడు. పక్కన పెట్టేసిన సరుకుని మళ్లీ చేతిలోకి తీసుకుని చూసినట్టు దాసుని ఇంకోసారి చూశాడు. లారీ నిండా బెల్లం ఎక్కించమన్నాడు. ఊరి చివర గుట్టలా ఉన్న మెట్ట మీదికి తోలుకెళ్లి, వడ్డాది రోడ్డు వైపు దిగి, కింద కాటా దగ్గర ఆపాలి. ఆపితే ఉద్యోగం.

తమరూ ఎక్కుతారా అని దాసు అడిగితే, తనకి పెట్రోలు వాసన పడదనీ, మేస్త్రీ ఏసుపాదం వస్తాడనీ చెప్పాడు.

ఆ లారీ రిపేర్లన్నీ చేసేది ఏసుపాదమే. అతను మాట్లాడకుండా హేండిలు కొట్టి ఇంజను స్టార్టు చేసి, ఎక్కి కూర్చున్నాడు. తన వైపు తలుపు వేసుకోలేదు, చేత్తో పట్టుకున్నాడు. ప్రార్థన చేస్తున్నట్టు పెదవులు కదిలాయి. కుంటివాడి పక్కన కూర్చోవడానికి హడలిపోతున్నాడని కూలీలు నవ్వుకున్నారు.

లారీ మెట్ట ఎక్కింది. దిగేటప్పుడు ఇంజను గట్టిగా మూలిగింది. మలుపులో చెరుకుబండి ఒకటి అడ్డం వచ్చింది. ఎడ్లు బెదిరి మెడలు తిప్పాయి. ఏసుపాదం ఒక కాలు బయట పెట్టాడు. దాసు గేరు దించాడు, మళ్లీ దించాడు. లారీ ఎడ్లబండిని రాసుకున్నట్టే దాటి, కాటా దగ్గరికి వచ్చేసరికి మనిషి నడకంత నెమ్మదైంది. హేండుబ్రేకు లాగాడు. ఒక్క దిమ్మ కదల్లేదు.

కాటా దగ్గర కూలీలతో కాచుకుని ఉన్న షావుకారు స్వయంగా వచ్చి దాసు వైపు తలుపు తీశాడు.

“కాలు బ్రేకు తొక్కలేదు కదా?”

“లేదు బాబూ.”

సత్యారావు మొహం విప్పారింది. జీతం మాత్రం పెదబాబుకిచ్చిన దాంట్లో సగమే అన్నాడు. రెండు కాళ్లలో ఒకటే పనిచేస్తోంది కాబట్టి లెక్క సరిపోయిందని ఒక కూలీ అంటే అందరూ నవ్వారు. దాసు కూడా నవ్వాడు. కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు బేరం ఆడకూడదని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్న చిన్నతల్లి కూలికి వెళ్లలేదు. లారీ ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పసుపు కలుపుతూ ఉంటే ఏసుపాదం వచ్చి దాసుని లారీ వెనక్కి తీసుకెళ్లాడు.

“నిన్న సెప్పలేకపోయేన్రా. రాత్రంతా నిద్ర నేదు.”

“ఏటన్నా?”

“ఈ లారీకి బ్రేకు లేదు. పెదబాబు అత్తోరూరు ఎల్లలేదు, పేణం మీద తీపితో దిగిపోనాడు. సామాను కొనడానికి షావుకారుకి సెయ్యి రావడం నేదు. నీకెలాగూ బ్రేకు తొక్కే కాల్లేదు కదా. అందుకే నిన్నేసుకున్నాడు.”

తన దగ్గర పాత సామాను ఉందనీ, షావుకారుకి తెలియకుండా బిగించేస్తాననీ, మధ్యాహ్నానికల్లా అయిపోతుందనీ చెప్పాడు. ఆలస్యమైనందుకు ఇంజను మీద పెట్టి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. గేర్ల మీద ఎన్నాళ్లు ఆపుతావు, అనకాపల్లి దాకా రోడ్డంతా ఎడ్లబళ్లూ జనమూ కదా అన్నాడు.

దాసు ముందువైపు చూశాడు. చిన్నతల్లి బానెట్టుకి బొట్టు పెట్టి, ఆ చేతినే కళ్లకి అద్దుకుంటోంది.

“నాకు నిన్న మలుపులోనే తెలిసిందన్నా. బండి అడ్డమొస్తే భయమేసి కాలు బ్రేకు మీద పడ్డాది. ఈ సచ్చిన కాలికే పెడలు అడుక్కంటా ఎలిపోనాది.”

ఏసుపాదం అతని మొహంలోకి చూశాడు. “తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నావురా? ఇప్పటికైనా నన్ను బిగించనీ.”

దాసు ముందుకి నడిచి సీటు ఎక్కాడు. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. చిన్నతల్లికి వినబడకుండా కిందికి వంగాడు.

“నీకు దణ్ణం పెడతాను, బిగించకన్నా. బ్రేకు పడిందంటే ఈ లారీకి రెండు కాళ్లున్నోడు దొరికేస్తాడు.”