వియ్యంకుడి స్నానం

వియ్యంకుడు గేటు తియ్యబోతే కర్ర అడ్డం పెట్టేశాను. ఆయన ఊళ్ళో పందులకి వైరస్ జ్వరం తగిలి దొడ్లకి దొడ్లే ఖాళీ అయిపోయాయి. దానికి మందు లేదు. చెప్పులకీ బట్టలకీ కూడా అంటుకుని వస్తుంది. నా దొడ్లో చూలుపంది ఇవాళో రేపో ఈనేలా ఉంది.

"బావగారూ, నేనొచ్చింది..." అన్నాడు.

"మాటలు తర్వాత బావా. ముందు చెప్పులు మందునీళ్ళలో ముంచు. చొక్కా విప్పు."

"పిల్లనిచ్చినవాణ్ణి వీధిలో బట్టలిప్పమంటారా!"

"నీ పరువు ఎక్కడికీ పోదులే, కడుక్కో."

బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించి సబ్బు ఇచ్చాను. ఆయన మళ్ళీ ఏదో అనబోతే నోట్లోకి నురగ పోయింది. నా పాత లాగూ, చొక్కా తొడిగించాను.

"ఇప్పుడు రా. పందుల్ని దూరం నించి చూద్దువుగాని."

ఆయన మొహం తుడుచుకున్నాడు. "నీ పందులెవడికి కావాలయ్యా! మనవరాలు పుట్టిందని నువ్వే కదా ఫోన్ చేశావు. ఎత్తుకుందామని వచ్చా."

పందుల ధ్యాసలో పడి పిల్ల సంగతే మర్చిపోయాను. అయినా నేను తగ్గుతానా?

"పసిబిడ్డనా ఎత్తుకునేది? ముందే చెప్పొద్దా! అయితే మళ్ళీ రుద్దుకో, ఈసారి గోళ్ళు కూడా," అని ఇంకో బకెట్టు తోడాను.